కోయంబత్తూరు స్టేషన్లో అవసరం లేదు

కోయంబత్తూరు స్టేషనుకి వెళ్ళే తెలుగువాళ్ళకి నేను ముందుగా చెప్పేది ఒకటే. సామాను కాస్త అటూ ఇటూ అయినా వెతుక్కోవచ్చు. మాట అటూ ఇటూ అయితే మాత్రం వెతుక్కోలేరు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి అంత దూరం పోయి తెలుసుకోవాల్సి వచ్చింది. మేం వెళ్ళొచ్చినప్పటి నుంచీ మా కావల్లో కనబడిన ప్రతివాళ్ళూ "మదురై ఎట్టుంది?" అని అడుగుతున్నారు. "ఎట్టు" అనే మాట చెవిన పడగానే మావారు లేచి లోపలికి వెళ్ళిపోతున్నారు. ఎందుకో చెప్తాను, అన్నీ వరసలో రావాలి.

నలుగురికీ చెప్పిన కారణం మీనాక్షమ్మ దర్శనం. కావలి నుంచి మదురైకి మద్రాసు మీదుగా తిన్నగా పోవచ్చు. కోయంబత్తూరు తిరిగి పోవడమంటే ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమే. "కోయంబత్తూరులో స్టీలు గట్టిదంట, ఇడ్లీ పాత్ర కొనుక్కోవాలి" అన్నాను. మావారు నా మొహంలోకి చూసి, "కావల్లో ఇడ్లీ పాత్ర దొరకదా?" అన్నారు. "దొరకదు" అన్నాను.

అసలు కారణం మా అబ్బాయి వంశీ. బెంగుళూరులో ఉద్యోగం. తనతో పనిచేసే కీర్తన అనే అమ్మాయిని చేసుకుంటానన్నాడు. ఆ పిల్లది కోయంబత్తూరు ఆర్.ఎస్. పురం. వాళ్ళ పెద్దలు అక్కడికి ఎప్పుడు వెళ్ళారో వాళ్ళకే గుర్తు లేదట, ఇంట్లో మాత్రం ఇప్పటికీ తెలుగే. పాత్రల కొట్టు ఉంది. తెలుగు పిల్లే కదా అని మేమూ సంతోషించాం. మావారు మంచిరోజు చూసుకుని, తలస్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని మరీ ఫోన్ చేశారు. ఫోనుకి కొత్త చొక్కా ఎందుకో నాకు తెలీదు. పిల్ల తల్లి ఎత్తింది. కుశలాలయ్యాక, "వచ్చే ఆదివారం మేమొచ్చి మాట్లాడమంటారా అమ్మా?" అని అడిగారు. అవతల నుంచి "అవసరం లేదండి" అని వినబడింది. మావారు ఠక్కున ఫోన్ కట్ చేసి, కొత్త చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు.

"అవసరం లేదట! మర్యాదకైనా రమ్మనకుండా అవసరం లేదట!" అని ఆ రోజంతా తిరిగారు. నాకూ ఒళ్ళు మండింది. వంశీ వెళ్ళి కీర్తనని నిలదీశాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషు. "మీ అమ్మకి ఈ సంబంధం ఇష్టం లేదట" అని వీడు ఇంగ్లీషులో అన్నాడు. ఆ పిల్ల పోయి తల్లిని అడిగింది. "అయ్యయ్యో, ఇష్టం లేదని నేనెప్పుడన్నాను?" అందావిడ. ఆ జవాబు మళ్ళీ ఇంగ్లీషులో తిరిగి మా ఇంటికొచ్చింది. "అంటే అబద్ధాలు కూడా ఆడుతుందన్నమాట. నా రెండు చెవులతో నేను విన్నాను" అన్నారు మావారు. అక్కడితో ఆ మాట మూలపడింది. అప్పటి నుంచి వంశీ ఫోన్ చేస్తే "ఊఁ", "తిన్నా", "పెట్టేస్తున్నా" తప్ప నాలుగో మాట లేదు. వాడు చిన్నప్పటి నుంచీ వాగుడుకాయ. నిద్రలో కూడా మాట్లాడేవాడు. వాడి వాగుడు నాకు మళ్ళీ కావాలి. ఆ పిల్ల తల్లిని ఒక్కసారి కళ్ళతో చూస్తే గానీ నాకు మనసు నిలవదు. అందుకే ఇడ్లీ పాత్ర.

పోదనూరు

మావారు బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. రైళ్ళంటే ఆయనకి మొదటి నుంచీ చిన్నచూపు. "బస్సయితే చెయ్యెత్తితే ఆగుతుంది, దీనికి చేతులు కనబడవు" అంటారు. అయినా టిక్కెట్లు తానే తీశారు, నన్ను వేలు పెట్టనివ్వలేదు.

తెల్లవారి బండి నెమ్మదిస్తుంటే ఎదురు సీటాయన మమ్మల్ని చూసి "పోదనూరు, పోదనూరు" అన్నాడు. మావారికి అది "పోదాం ఊరు" అని వినబడింది. "ఏ ఊరు పోదామయ్యా? మేం కోయంబత్తూరు పోవాలి" అన్నారు. ఆయన పాపం మళ్ళీ "పోదనూరు" అన్నాడు. "నీతో మేమెందుకు పోతాం?" అని ఈయన. బండి ఆగాక తెలిసింది ఏమిటంటే, మేమెక్కిన బండి కోయంబత్తూరు పెద్ద స్టేషను లోపలికి అసలు పోదు. ఊరి పక్కనున్న పోదనూరు జంక్షన్లో దించేసి అటునుంచి అటే కేరళకి పోతుంది. దిగలేదంటే మధ్యాహ్నానికి కొబ్బరిచెట్ల మధ్య ఉంటాం. పడుతూ లేస్తూ దిగాం. చెప్పుల జతలో ఒకటి నా కాలికీ ఒకటి నా చేతికీ ఉంది. కాబట్టి మీరు టిక్కెట్టు తీసేటప్పుడు స్టేషను పేరు చివరిదాకా చదవండి.

పోదనూరు మాత్రం ముచ్చటగా ఉంది. స్టేషను దాటగానే పాతకాలపు రైల్వే క్వార్టర్లు, పెంకుటికప్పులు, వాటి ముందు చీపురుతో గీసినట్టు శుభ్రంగా వాకిళ్ళు, ముగ్గులు. నేను ముగ్గు దాటలేక పక్కకి జరుగుతుంటే ఆటో అబ్బాయొకడు బండి ఆపి, "యాడికి పోవాల సామీ?" అన్నాడు. మావారు పెట్టె కింద పెట్టేశారు. తమిళ దేశంలో దిగీ దిగగానే తెలుగు వినబడితే ఎవరికైనా అంతే.

దారి పొడుగునా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ళ తాత రైల్వే కూలీగా వచ్చాడట. "ఇంట్లో తెలుగే మాట్లాడేది. సదివింది తమిళం. తెలుగు ఎళుత్తు, అదే రాత, చూస్తే జిలేబీ చుట్టలు కనపడతాయి సామీ" అన్నాడు. మావారు ఉబ్బితబ్బిబ్బై బేరమాడడం మర్చిపోయారు. తెలుగు విన్న సంతోషానికి నూట యాభై దాకా ఎక్కువిచ్చామని తర్వాత తెలిసింది. తెలుగు అతనిది, జేబు మాది.

పాత్రల కొట్టు

ఆర్.ఎస్. పురంలో ఆ కొట్టు వెతకడం కష్టమేమీ కాలేదు, వంశీ ఒకప్పుడు ఫోటో పంపాడు. మావారు ఎదుటి పేవుమెంటు మీద నిలబడి, "నేను రాను. మనకి అవసరం లేదు కదా" అని ఆ మాటని పళ్ళ కింద నలిపారు. నేను ఒక్కదాన్నే వెళ్ళాను.

గల్లాపెట్టె దగ్గర ఫోటోలోని మనిషే, కీర్తన తల్లి, కూర్చుని ఉంది. శాంతామణి. తల నిండా మల్లెపూలు, ముక్కుకి రెండు వైపులా పుడకలు. ఆ బజారు మొత్తం మీద తలలో పూలు లేని ఆడది నేనొక్కదాన్నే అనిపించింది. మనదగ్గర పూలు పండక్కీ పెళ్ళికీ పెట్టుకుంటాం, అక్కడ కూరగాయలకి పోయినా పెట్టుకుంటారు. నా తెలుగు వినగానే ఆవిడ మొహం విప్పారింది. "ఏ ఊరక్కా?" అంది. "ఒంగోలు" అన్నాను. కావలంటే గుర్తుపట్టేస్తుందని నోటికొచ్చిన ఊరు చెప్పేశాను.

తన తలలోంచి మూరెడు మల్లెలు తుంచి నా జడలో పెట్టింది. డబరా గ్లాసులో కాఫీ తెప్పించింది. నేను పది పాత్రలు తీయించినా విసుక్కోలేదు. మదురై పోయి శనివారం ఇటే తిరిగొస్తామని మాటల్లో చెప్పాను. ఈవిడా మా ఆయన్ని ఈసడించింది అనుకుంటే నాకు నమ్మకం కుదరలేదు. చివరికి ఒక ఇడ్లీ పాత్ర నచ్చింది, కానీ దాని మూత వదులుగా ఉంది.

"సరైన మూత గోడౌన్లో ఉండాది. మదురై పోయి వస్తారు కదా, శనివారం ఇస్తాను. అవసరం లేదు కదక్కా?" అంది.

నాకు చుర్రుమంది. "మూత అవసరం లేకపోవడమేంటమ్మా? ఆవిరంతా పైకి పోదూ?"

ఆవిడ కంగారుగా, "అవసరమా? అట్లయితే ఇప్పుడే తెప్పిస్తాను, ఒక గంట ఉండండి" అంది.

"అబ్బే, గంట ఉండలేను. శనివారమే ఇవ్వండి."

"అదే కదక్కా నేనూ చెప్తిని, అవసరం లేదని!"

మంచి మనిషే గానీ కాస్త తిక్క ఉన్నట్టుంది అనుకున్నాను. ఈ ఇంట్లో అందరికీ అన్నీ అవసరం లేదేమో అనీ అనుకున్నాను.

"శనివారం సాయంకాలం మా అన్న మదురై నించి వస్తుండాడు. ఆయన్ని పిల్చుకొనేదానికి నేను స్టేషనుకి వస్తాను, మూత ఆడనే ఇస్తాను" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆదివారం మా పిల్లను చూసేదానికి తిరుపతి పక్క నించి మనుషులు వస్తుండారు" అంది.

కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. "అమ్మాయికి ఇష్టమేనా?" అని అడిగాను.

"యాడక్కా. ఒక అబ్బాయిని మనసులో పెట్టుకొని ఉండాది. వాళ్ళ నాయన ఒక తూరి ఫోన్ చేసె. అప్పురం మళ్ళా మాటే లేదు. మేము ఏం తప్పు చేస్తిమో తెలియలే. మా పిల్ల ఇంటికి వచ్చినా సరిగా బువ్వ కూడా తినేది లేదు."

"మీరే కదమ్మా అవసరం లేదన్నది" అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఒంగోలని చెప్పి కూర్చున్నానే! ఇంతలో గ్రైండర్ల కోసం ఒక పెద్ద కుటుంబం లోపలికొచ్చింది. మూత లేని పాత్ర చంకన పెట్టుకుని బయటికొచ్చాను. సంగతంతా విని మావారు, "మాటే లేదందా? అంటే నా చెవులు చెడ్డాయనా?" అని అక్కడే నడిరోడ్డు మీద చెవులు పట్టుకున్నారు. గుంజీలు తీస్తున్నాడేమోనని ఇద్దరు ఆగి చూశారు.

మదురై

మదురైకి బండి పొల్లాచ్చి, పళని మీదుగా పోతుంది. కిటికీ పక్కన కొబ్బరితోటలు, దూరంగా కొండలు, పళనిలో గుండు కొట్టించుకుని ఎక్కిన కుటుంబాలు. పెట్టెలో జుట్టున్నవాళ్ళం మేమే.

అమ్మవారి దర్శనం బాగా జరిగింది. ఇంత దూరం ఇడ్లీ పాత్ర కోసమొచ్చానని ఆవిడ దగ్గర కూడా అబద్ధమాడలేక, "మా వంశీ నోరు తెరిపించు తల్లీ" అని ఒక్కటే అడిగాను. పక్కన మావారు ఏం మొక్కుకున్నారో చెప్పలేదు. కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు. ఆయనకీ వాడి మీద బెంగ ఉంది, చెప్పరు.

గుడి బయట పరుత్తిపాలు అమ్ముతారు. అంటే పత్తిగింజల పాలు. బెల్లం, కొబ్బరి వేసి కాస్తారు. మావారు గ్లాసులోకి చూసి, "మన ఊళ్ళో ఇది గేదెలకి పెడతాం కదే" అన్నారు. అమ్మే ఆయనకి తెలుగు రాలేదు కాబట్టి బతికిపోయాం. నేను తాగాను, చాలా బాగుంది. ఆయన కూడా నాది అయ్యాక మెల్లగా ఒకటి తాగి, "గేదెలు తెలివైనవి" అని ఒప్పుకున్నారు.

ఇక మదురై స్టేషను. ఇక్కడ నా మాట శ్రద్ధగా వినండి. శనివారం పొద్దున కోయంబత్తూరుకి తిరుగు బండి. మాది ముందు వైపు మూడో పెట్టె. మావారు ప్లాట్‌ఫారం మీద ఒకాయన్ని ఆపి, టిక్కెట్టు చూపించకుండా, మన నెల్లూరు తెలుగులో, "బండి పెట్టె ఎట్టు?" అని అడిగారు. పెట్టె ఎటుంది అని ఆయన ఉద్దేశం. ఆ పెద్దమనిషి "ఎట్టా?" అన్నాడు. "ఆఁ, ఎట్టా?" అన్నారు ఈయన. ఇద్దరూ ఒకర్నొకరు బాగా అర్థం చేసుకున్నట్టు తలూపుకున్నారు. ఆయన వెనక వైపు దూరంగా చెయ్యి చూపించాడు.

పరిగెత్తాం. నా చంకలో ఇడ్లీ రేకులు గలగలమంటుంటే జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. అంత దూరం పోయాక చూస్తే అది ఎనిమిదో పెట్టె. బండి కూత వేసింది. "ఏదో ఒకదాంట్లో ఎక్కండి, లోపల నడిచి పోదాం" అని నేను మొత్తుకున్నాను. "మనది కాని పెట్టెలో ఎక్కడమా? రూల్ ఒప్పుకోదు" అని ఆయన. రూల్ మా పక్కన నిలబడింది, బండి పోయింది.

బస్సులో

బండి పోయాక ఎవరికైనా బస్సే దిక్కు. మావారు తన సొంత ఇలాకాలోకి వచ్చినట్టు ఠీవిగా కూర్చున్నారు. నా పక్కన ఒక ముసలావిడ ఒళ్ళో పూలు పోసుకుని కట్టుకుంటోంది. మా గొడవ వింటూ వింటూ పూలు పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడదీ తెలుగిల్లే.

"ఎట్టు అంటే తమిళంలో ఎనిమిది కదమ్మా! మీరు ఎనిమిదో పెట్టె అడిగితిరి, ఆయప్ప ఎనిమిదో పెట్టె చూపించె. ఆయప్పది తప్పు లేదే?" అంది.

నేను నవ్వాపుకోలేకపోయాను. మావారు కిటికీలోంచి బయటికి చూస్తూ, కొబ్బరిచెట్లు లెక్కపెడుతున్నట్టు నటించారు. కానీ ఆ మాట నా బుర్రలో ఒక మూల కూర్చుంది. మనం ఒకటి అంటే వాళ్ళకి ఇంకొకటి వినబడుతుందన్నమాట అనుకున్నాను. అంతకుమించి అప్పటికి ఆలోచించలేదు, ఆకలేస్తోంది.

కోయంబత్తూరు జంక్షను

చివరికి అసలు స్టేషను. పాతది, పెద్దది, ఎప్పుడు చూసినా తిరణాలే. కొన్ని సంగతులు రాసి పెట్టుకోండి. ముందు గుమ్మం ఒకటి, వెనక గుమ్మం ఒకటి. "స్టేషను బయట ఉన్నాను" అని ఫోన్లో చెప్తే ఏ బయటో చెప్పండి, లేదంటే మీ మనిషి ఒక బయట, మీరొక బయట. మైకులో తమిళం, హిందీ, ఇంగ్లీషు వస్తాయి. మనది రాదు, అలగకండి. కేరళ నుంచొచ్చే అరటికాయ చిప్స్ వాసనకి లొంగిపోతే ఒక పొట్లంతో ఆగరు. ఇడ్లీ మెత్తన. సాంబారు అడిగినంత పోస్తారు, అడక్కపోయినా పోస్తారు. చట్నీ మాత్రం కారం లేదు. నేను బ్యాగులోంచి కారప్పొడి తీస్తే పక్క బల్లవాళ్ళు కూడా చేతులు చాపారు.

మా ఇంటి బండికి ఇంకా కాస్త టైముంది. ఈసారి ఈ స్టేషనుకే వచ్చే బండి అని ముగ్గుర్ని అడిగి ఖాయం చేసుకున్నాం. ముందు గుమ్మం పక్కన ఒకావిడ టీ బండి పెట్టుకుని ఉంది. మా మాటలు విని, "తెలుగా అక్కా? మేమూ తెలుగే, పోదనూరు" అంది. మావారు కష్టాలన్నీ మర్చిపోయారు. రెండు టీ తీసుకున్నాం. టీ చేతికి రాగానే ఆయన జేబులోంచి నోటు తీశారు.

"అవసరం లేదు సామీ, తాగండి" అంది ఆవిడ.

మావారు నోటు వెనక్కి పెట్టుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి, ఒట్టు. "చూశావా? ఎక్కడి కావలి, ఎక్కడి పోదనూరు! తెలుగువాడని టీ డబ్బులు వద్దంది. వీళ్ళూ ఉన్నారు, ఆ పాత్రల కొట్టావిడా ఉంది!" అన్నారు. గ్లాసు ఖాళీ చేసి, ఆవిడకి రెండు చేతులూ జోడించి, "మీ రుణం ఉంచుకోనమ్మా, మా ఊరొస్తే మా ఇంట్లోనే దిగాలి" అని చిన్న ఉపన్యాసం ఇచ్చి ముందుకు కదిలారు. నేను వెనకాల నడిచాను.

పది బారలు పోయామో లేదో వెనక నుంచి కేక. "ఓ పెద్దాయనా! దుడ్డు ఇయ్యకనే పోతుండారే!" చూస్తే ఆవిడ కొంగు నడుముకి దోపి పరిగెత్తుకొస్తోంది. స్టేషను ముందున్న జనమంతా మావైపు తిరిగారు.

మావారు బిక్కచచ్చిపోయారు. "అవసరం లేదన్నావు కదమ్మా?"

"అవును సామీ, అవసరం లేదనే చెప్తిని. నిదానంగా తాగి ఇయ్యండి అని. ఇయ్యనే వద్దని ఎప్పుడు చెప్తిని?"

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మూత దగ్గర శాంతామణి అన్న మాటా, బస్సులో ముసలావిడ మాటా అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. "అమ్మా, నీకు దండం పెడతాను, అవసరం అంటే మీకు ఏంటి?" అన్నాను.

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "అవసరమంటే అవసరమే. అదో, బండి పోతాదని ఆయమ్మ పెట్టె నెత్తిన పెట్టుకొని పరిగెత్తతా ఉండాది చూడు, అదీ అవసరం."

తొందర! వాళ్ళ అవసరం మన తొందర! మావారి వైపు చూశాను. ఆయన అప్పటికే పక్కనున్న సిమెంటు దిమ్మ మీద కూర్చుండిపోయారు. పెదవులు కదులుతున్నాయి. "వచ్చే ఆదివారం రమ్మంటారా అంటే... తొందర లేదండి అంది" అన్నారు నూతిలోంచి మాట్లాడుతున్నట్టు. "ఇంకా ఏదో చెప్పబోతోందే. నేను కట్ చేశాను."

టీ ఆవిడకి డబ్బులిచ్చి, చిల్లర వద్దని చెప్పాను. ఆవిడ చేసిన మేలు ఆవిడకి తెలీదు. చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టి మరీ వెళ్ళింది.

మూత

"ఇడ్లీ అక్కా!" అని పిలుపు. శాంతామణి కాగితంలో చుట్టిన మూత పట్టుకుని, నవ్వుకుంటూ వస్తోంది. వాళ్ళన్న బండి ఆలస్యమట. రేపీపాటికి ఆ తిరుపతి వాళ్ళు ఆవిడ ఇంట్లో ఫలహారాలు తింటూ ఉంటారు. మావారు లేచి నిలబడి చొక్కా సర్దుకుంటున్నారు. ఇంక నేనే దిగాను.

"అమ్మా శాంతామణీ, మాది ఒంగోలు కాదు. కావలి. వంశీ వాళ్ళమ్మని నేను. ఈయన వాళ్ళ నాన్న."

ఆవిడ నవ్వు అలాగే నిలిచిపోయింది. మూత మాత్రం గట్టిగా గుండెకి హత్తుకుంది, ఇవ్వాలా వద్దా అన్నట్టు.

"ఆ రోజు ఫోన్లో మీరు మా ఆయనతో ఏం చెప్పారు? మొత్తం చెప్పండి."

"ఏం చెప్తిని? అవసరం లేదండి, దసరా అయిపోనీ, నిదానంగా అందరూ రండి, ఈడనే బువ్వ తిని రెండు దినాలు ఉండి పోదురు అని చెప్తా ఉంటిని. మధ్యలో లైను కట్టయి పాయ. మళ్ళీ చేస్తారు, మళ్ళీ చేస్తారని చూస్తిమి. పిల్లను కన్నవాళ్ళం, మేమే మీద పడి చేస్తే ఏమనుకుంటారో అని ఉండిపోతిమి." ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నా బిడ్డ నన్నే తప్పు పట్టె. నువ్వే ఏందో అనుంటావమ్మా అని."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చేసింది. మా ఇంట్లో వంశీ ఎట్లా ముడుచుకుపోయాడో వాళ్ళింట్లో ఆ పిల్లా అంతే. మా దగ్గర "అవసరం లేదు" అంటే మీరు అక్కర్లేదు అని అర్థమని చెప్పాను. ఆవిడ రెండు చెంపలూ వాయించుకుంది. "అయ్యో దేవుడా! అట్ల నేను చెప్తానా! వచ్చే సంబంధాన్ని ఎవరైనా అట్ల చెప్తారా!"

"టవరు..." అన్నారు మావారు. "మా కావల్లో టవరు సరిగా ఉండదమ్మా, అందుకే లైను కట్టయింది." టవరు మా ఇంటి వెనకే ఉంది. డాబా మీద బట్టలారేస్తే దాని నీడ పడుతుంది. నేనేమీ అనలేదు, ఎంతైనా మొగుడు.

ఆయన గొంతు సవరించుకుని, చేతులు జోడించారు. ఈసారి ఉపన్యాసం రాలేదు. "అమ్మా, మీకు అవసరం లేకపోయినా, మాకు చాలా అవసరం" అన్నారు.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది, ఏ అవసరమా అని. తర్వాత కళ్ళనీళ్ళతోనే పకపకా నవ్వేసింది. "ఇప్పుడు నాకూ అవసరమే బావగారూ. రేపు వాళ్ళు వచ్చేస్తారే!" అని ఫోన్ తీసుకుని పక్కకి పరిగెత్తింది.

మావారు వంశీకి ఫోన్ చేశారు. "ఒరేయ్, ఉన్నపళాన కోయంబత్తూరు బయల్దేరు" అన్నారు. అవతల వాడు "ఊఁ" అన్నాడు అలవాటుగా. తర్వాత, "ఏంటి నాన్నా, అంత అవసరమేంటి?" అన్నాడు. "కోయంబత్తూరు అవసరం రా" అన్నారు ఈయన. సంగతంతా చెప్పేసరికి వాడు మొదలుపెట్టాడు. ఏ బస్సో, ఏ చొక్కానో, కీర్తనకి ఎవరు చెప్పాలో, నాన్నకి ఎన్నిసార్లు చెప్పాడో. ఫోన్ స్పీకర్లో పెడితే ఆగకుండా వాగుతూనే ఉన్నాడు. నేను చెవి దగ్గరే పెట్టుకుని విన్నాను. మైకులో మా బండి పేరు పిలిచారు. బండి వచ్చింది, మా పేర్లున్న పెట్టె మా ముందే ఆగింది, పోయింది. జీవితంలో ఒక్క రూలు తప్పని మనిషి దానికి టాటా చెప్పారు.

వాళ్ళన్నగారు దిగాక అందరం రెండు ఆటోల్లో ఆర్.ఎస్. పురం బయల్దేరాం. నా ఒళ్ళో ఇడ్లీ పాత్ర, దాని మీద మూత. సరిగ్గా సరిపోయింది. శాంతామణి నా పక్కన కూర్చుని ఇంకా ఆయాసపడుతోంది.

"తిరుపతి వాళ్ళకి ఏం చెప్పారు వదినా?" అని అడిగాను.

"అవసరం లేదని చెప్పేస్తిని."

ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను. "మీ అవసరమా, మా అవసరమా?"

"మీ అవసరమే వదినా" అంది. "వాళ్ళూ ఠక్కున ఫోన్ కట్ చేసిరి."